పిలిస్తే పలకడం: డెల్టా ఇళ్లలో పిల్లల పెంపకం

గోదావరి జిల్లాల్లో పిల్లలకు మొట్టమొదట నేర్పే మర్యాద పిలిస్తే పలకడం. పెరట్లోంచి తాతయ్య కేకవేస్తే వీధి చివర ఆడుకుంటున్న మనవడు “ఆయ్” అని బదులివ్వాలి; ఇవ్వకపోతే “పిలుస్తుంటే వినబడటం లేదా” అని చివాట్లు తప్పవు. అయితే అదే మనవడు రోజుకు ఎన్నిసార్లు మనల్ని పిలుస్తున్నాడో, అందులో ఎన్నింటికి మనం పలుకుతున్నామో లెక్క చూసుకునే పెద్దలు అరుదు. ముప్పై ఏళ్లకు పైగా గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల బడుల్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇంట్లో ఇద్దరు మనవలను చూసుకుంటున్న నాకు, పెంపకం గురించి చెప్పుకునే సంగతులన్నీ చివరికి ఈ ఒక్కదాని దగ్గరే ఆగుతున్నట్టు అనిపిస్తుంది. పిల్ల పిలుస్తుంది, ఆ పిలుపు ఒకప్పుడు ఏడుపు, ఒకప్పుడు ప్రశ్న, ఒకప్పుడు అబద్ధం, ఒకప్పుడు తలుపు వేసుకుని కూర్చోవడం. దానికి మన నుంచి ఏ బదులు వస్తుందన్నదాన్ని బట్టి ఆ పిల్ల తన గురించీ, మనుషుల గురించీ ఒక అంచనాకు వస్తుంది. ఆ బదులు ఎలా ఇవ్వాలో, వయసును బట్టి ఎలా మార్చుకోవాలో, దగ్గర లేనప్పుడు ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను.

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతతో కోనసీమవాడిగా నాకు చిన్న పేచీ ఉంది. కొబ్బరి మొక్కను ఎవరూ వంచరు. దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది దెబ్బతింటే చెట్టే పోతుంది. రైతు చేయగలిగినదల్లా మంచి గొయ్యి తీయడం, మొక్కకూ మొక్కకూ పాతిక అడుగుల ఎడం వదలడం, కాలువలు కట్టేసిన వేసవిలో నీళ్లు మోసి పోయడం, కొమ్ముపురుగు పట్టిందేమోనని మొవ్వు చూసుకుంటూ ఉండటం. పిల్లల విషయంలో కూడా వంచే పని తక్కువ, చూసుకునే పని ఎక్కువ.

ముందు బిడ్డ స్వభావం తెలుసుకోండి

ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే చూరు కింద పెరిగిన ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరన్నది అందరూ ఒప్పుకునే మాటే అయినా, పెంచేటప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకే కొలత పెడతాం. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మనోవైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో పసిపిల్లలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టారు. వారు చూసిన పిల్లల్లో సుమారు 40 శాతం మంది తేలికగా సర్దుకుపోయేవారు, 10 శాతం మంది ప్రతిదానికీ తీవ్రంగా స్పందించేవారు, 15 శాతం మంది కొత్తదానికి నెమ్మదిగా అలవాటు పడేవారు. మిగిలినవారు ఏ ఒక్క గుంపులోనూ ఇమడలేదు. ఏ స్వభావమూ మంచిదీ కాదు, చెడ్డదీ కాదని, బిడ్డ స్వభావానికీ ఇంట్లోవారి అంచనాలకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ముఖ్యమని వారు తేల్చారు.

కనుమ రోజున కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవారికి ఈ సంగతి కళ్లారా కనబడుతుంది. బాజాభజంత్రీల హోరు మధ్య దేవుళ్లను నిలిపిన రంగురంగుల ప్రభలు కౌశిక నది దాటి వస్తుంటే ఒక పిల్లవాడు తండ్రి చెయ్యి విడిపించుకుని ముందుకు ఉరుకుతాడు, మరొకడు తల్లి కొంగులో తల దాచుకుంటాడు. రెండోవాడిని “ఇంత పిరికివాడివేంట్రా” అని జనంలోకి నెట్టే తండ్రిని ఏటా చూస్తూనే ఉన్నాను. అటువంటి పిల్లవాడికి కావలసింది భుజం మీద చోటు, పది నిమిషాల వ్యవధి. పైనుంచి చూసి, చప్పుడుకు చెవులు అలవాటు పడ్డాక దింపమని వాడే అడుగుతాడు. మీ బిడ్డది ఏ స్వభావమో తెలుసుకోవడానికి ఒక వారం పాటు మూడు విషయాలు గమనించండి: ఆకలి, నిద్ర వేళకు వస్తున్నాయా, కొత్త మనిషి, కొత్త తిండి, కొత్త చోటు ఎదురైతే మొదటి స్పందన ఏమిటి, కోపమైనా సంతోషమైనా ఎంత గట్టిగా బయటపడుతోంది. వారం తరువాత మీరు మార్చుకోవలసింది బిడ్డను కాదు, ఇంటి పద్ధతిలో ఒకటి రెండు పనులు మాత్రమే అని సాధారణంగా తేలుతుంది.

మొదటి రెండేళ్లు: ఊ కొట్టడం

పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో సుమారు పావు వంతు ఉండే బిడ్డ మెదడు ఐదారేళ్లకే పెద్దవారి పరిమాణంలో సుమారు 90 శాతానికి చేరుతుంది. ఈ పెరుగుదలకు తిండి ఎంత అవసరమో, ఎదుటి ముఖం నుంచి వచ్చే బదులు కూడా అంతే అవసరం. మన ఇళ్లలో దీనికి పాఠశాల నీళ్లగది. అమ్మమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెడుతూ, “ఈ చెయ్యి ఎవరిది, ఈ కాలు ఎవరిది, నడుం గట్టిపడాలమ్మా, తాతయ్య పొలం గట్టు మీద నడవాలమ్మా” అని అవయవం అవయవానికీ ఒక మాట చెబుతుంది. బిడ్డ “ఉంగా” అంటే తానూ “ఉంగా” అంటుంది, మళ్లీ బిడ్డ అనేదాకా ఆగుతుంది. ఆ ఆగడంలోనే అసలు విద్య ఉంది. నీ వంతు అయింది, ఇప్పుడు నా వంతు అనే సంభాషణ నియమాన్ని బిడ్డ అక్కడ నేర్చుకుంటుంది. (ఆ నూనెను ముక్కులోనూ చెవుల్లోనూ పోయడం మాత్రం మానిపించండి, పిల్లల వైద్యులు దాన్ని గట్టిగా వద్దంటారు.) నీళ్లు పోసే మనిషిని పెట్టుకున్న ఇళ్లలో కూడా ఈ అరగంట తల్లిగాని, తండ్రిగాని పక్కనే కూర్చుంటే మంచిది.

బదులు రాకపోతే ఏమవుతుందో 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో తెలుస్తుంది. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాల పాటు ముఖంలో ఏ కదలికా లేకుండా, బిడ్డను చూస్తూనే ఊరక ఉండమన్నారు. బిడ్డ మొదట నవ్వి పిలిచింది, చేతులు చాచింది, అరిచింది, చివరికి ముఖం తిప్పుకుని ఏడ్చింది. ప్రయోగంలో కొద్ది నిమిషాలే గడిచిన ఆ స్థితి, ఒళ్లో బిడ్డను పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చునే ఇళ్లలో రోజుకు ఎన్ని గంటలు సాగుతుందో ఆలోచించండి. ఫోన్ మానమని నేను అనను, మానలేమని నాకూ తెలుసు. పాలిచ్చేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు మాత్రం దాన్ని వేరే గదిలో పెట్టండి. ఆ మూడు వేళలూ చేతికి దొరికితే చాలావరకు గట్టెక్కినట్టే.

బిడ్డ చేతికి ఫోన్ ఇవ్వడం వేరే సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టే ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. బిడ్డను అరుగు మీదకు తెచ్చి, కాకినో పిచ్చుకనో వీధిలో పోయే కొబ్బరి బండినో చూపిస్తూ పెడితే ముద్దలు కాస్త ఆలస్యంగా దిగుతాయి. కాని బిడ్డ తన ఆకలి తాను గుర్తించి, చాలు అనిపించినప్పుడు తల తిప్పడం నేర్చుకుంటుంది. తల తిప్పినప్పుడు ఆపడం కూడా బదులు పలకడమే.

తొమ్మిది నెలలు వచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లు నిండినా “అమ్మ రా”, “పాలు కావాలి” వంటి రెండు మాటల వాక్యాలు రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనబడితే “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే” అని ఊరుకోకండి. ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను చూస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. మీ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే బృందం ఎప్పుడు వస్తుందో చెబుతారు.

రెండు నుంచి ఐదు: బూచి, పోలీసు, సూది

ఈ వయసులో మన పెద్దలు ఇచ్చే బదులు చాలావరకు బెదిరింపు. అన్నం తినకపోతే బూచాడు పట్టుకుపోతాడు, ఏడిస్తే పోలీసులకు పట్టిస్తాను, మాట వినకపోతే డాక్టరు గారితో సూది వేయిస్తాను. ఈ మాటలు ఆ పూటకు పనిచేస్తాయి, అందుకే పోవడం లేదు. అయితే అంతర్వేది రథోత్సవంలోనో జగ్గన్నతోటలోనో తప్పిపోయిన నాలుగేళ్ల పిల్లకు సాయం చేయగలిగిన మొదటి మనిషి ఖాకీ చొక్కా తొడుక్కుని ఉంటాడు. ఆ చొక్కాను చూసి జనంలోకి ఇంకా లోపలికి పరుగెత్తేలా నేర్పినది మనమే. ఇంట్లో అందరూ కూడబలుక్కుని ఈ మూడు పేర్లను బెదిరింపుకు వాడటం ఈ రోజే ఆపండి. తీర్థానికి బయలుదేరే ముందు పోలీసు ఎలా ఉంటాడో చూపించి, “మేము కనబడకపోతే ఈయన దగ్గరికి వెళ్లి నాన్న పేరు, ఊరి పేరు చెప్పాలి” అని రెండుసార్లు చెప్పించుకోండి.

ఇటువంటిదే ఇంకొకటి. పిల్ల గడప తగిలి పడితే నాయనమ్మ పరుగున వచ్చి గడపను చేత్తో కొట్టి, “కొట్టేశానమ్మా, ఏడవకు” అంటుంది. అందులో ప్రేమ ఉంది, కాదనను. కాని పిల్లకు అందే పాఠం, నాకు నొప్పి కలిగితే ఎవరో ఒకరిని కొట్టాలి అన్నది. “గడప తగిలిందా, నొప్పిగా ఉందా, ఏదీ చూపించు” అంటే నొప్పికి పేరు దొరుకుతుంది, నెపం వెతికే అలవాటు రాదు.

పేచీ పెట్టి నేల మీద దొర్లే పిల్లకు ఆ క్షణంలో ఉపన్యాసం ఎక్కదు. మీరు కూడా నేల మీద కూర్చుని, తల గోడకు తగలకుండా చూసుకుంటూ, “నీకు ఆ జీళ్లు కావాలి, నేను ఇవ్వనన్నానని కోపం వచ్చింది” అని ఒక్క వాక్యం చెప్పి ఆగండి. కోపాన్ని ఒప్పుకోండి, జీళ్లు మాత్రం ఇవ్వకండి. మీరు కాదన్నది తాతయ్య చాటుగా ఇచ్చే ఇంట్లో ఈ పద్ధతి ఎన్నాళ్లయినా ఫలించదు కనుక, పేచీ లేని వేళ పెద్దలందరూ కలిసి ఏవి కుదురుతాయి, ఏవి కుదరవు అని నాలుగైదు సంగతుల మీద ఒక మాటకు రండి. అంతకంటే ఎక్కువ నియమాలు పెట్టుకుంటే గుర్తు పెట్టుకోలేనిది పిల్లలు కాదు, మనమే.

కాలువ గట్టు మీద మూడు ఇళ్లు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాలో నీళ్లు ఇంటి ముందుకే వచ్చాయి. మన పిల్లలకు కాలువ ఆటస్థలం, అదే పెద్ద గండం కూడా. పెంపకపు తీరులను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. డయానా బామ్‌రిండ్ అనే పరిశోధకురాలు 1960లలో కాలిఫోర్నియాలో చిన్నపిల్లల కుటుంబాలను గమనించి పెంపకంలో మూడు తీరులు ఉన్నాయని చెప్పారు. ఆమె చెప్పినదాన్ని ఒకే గట్టు మీది మూడు ఇళ్లలో చూద్దాం.

మొదటి ఇంట్లో తండ్రి కాలువ వైపు చూస్తేనే కాళ్లు విరగ్గొడతానంటాడు. కారణం చెప్పడు, అడగనివ్వడు. పిల్లవాడు పదేళ్లు వచ్చేసరికి లాకుల దగ్గరికి స్నేహితులతో చాటుగా వెళతాడు. ఈత రాదు, మునుగుతుంటే కేక వేయడానికి కూడా భయపడతాడు, ఎందుకంటే ఇంట్లో తెలిస్తే దెబ్బలు. రెండో ఇంట్లో గారాబం. వాడి ఇష్టం, వద్దంటే ఏడుస్తాడు, పోనీలే అంటారు. వరద నీరు ఎర్రగా సుడులు తిరుగుతున్న శ్రావణ మాసంలో కూడా వాడు రేవులోనే ఉంటాడు. మూడో ఇంట్లో తండ్రి, ఆరేడేళ్లు వచ్చాక, వేసవిలో కాలువలు కట్టేయక ముందు నీరు తగ్గి నెమ్మదిగా పారే రోజుల్లో, పిల్లకు నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి తానే దిగి ఈత నేర్పుతాడు. దానితో పాటు మూడు షరతులు చెబుతాడు: పెద్దవారు లేకుండా దిగరాదు, నీరు రంగు మారితే దిగరాదు, ఎవరైనా మునుగుతుంటే దూకకుండా గట్టు మీది నుంచి కర్రో తాడో అందించి కేక వేయాలి. ఎందుకో కూడా చెబుతాడు. షరతు తప్పితే ఆ వారమంతా ఈత ఉండదు, ఎంత ఏడ్చినా ఉండదు, కాని తిట్టూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి జాగ్రత్త, సురక్షితంగా కాపాడే పద్ధతి నేర్పమనే చెబుతోంది. అంతకంటే చిన్నవారికి మాత్రం నేర్పడం కంటే అడ్డు కట్టడం ముఖ్యం కనుక, పెరటి గుమ్మానికి తడిక, రొయ్యల చెరువు చుట్టూ వల, ఇంట్లో పని ఒత్తిడి ఉన్న వేళ బిడ్డను అప్పగించడానికి ఒక మనిషి తప్పనిసరి.

బామ్‌రిండ్ మూడో తీరులో పెరిగిన పిల్లలు ఎక్కువ ఆత్మవిశ్వాసంతో, తమను తాము అదుపు చేసుకోగలిగినవారిగా కనబడ్డారని గుర్తించారు. తరువాత 1983లో ఎలినార్ మాకోబీ, జాన్ మార్టిన్ దీనికి నాలుగో తీరును చేర్చారు: పిలుపూ లేదు, పలుకూ లేదు, షరతూ లేదు. అంటే పట్టించుకోకపోవడం. పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదేనని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. రాత్రంతా రొయ్యల చెరువు మీద, నీటికి గాలి అందించే ఏరేటర్ల కాపలా, పగలంతా నిద్ర అయిన తండ్రి కావాలని ఈ నాలుగో ఇంట్లోకి చేరడు. కాని పిల్ల బడి నుంచి వచ్చే వేళకు లేచి పావుగంట ఎదురుగా కూర్చోకపోతే చేరినట్టే అవుతుంది.

బడి, మార్కులు, దెబ్బ

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మూడు రోజులు వరసగా ఆలస్యంగా వచ్చిన ఒక పిల్లవాడిని కారణం అడగకుండా బెత్తంతో కొట్టాను. వాడు ఏమీ చెప్పలేదు. సాయంత్రం రేవుకు వెళితే రేవు దాటించే పంటు మరమ్మతులో ఉందని, అవతలి లంక నుంచి పిల్లలు నాటు పడవ కోసం గంటల తరబడి నిలబడుతున్నారని తెలిసింది. మర్నాడు తరగతిలో అందరి ముందూ, “నిన్న నేను అడగకుండా కొట్టాను, తప్పు నాది” అన్నాను. అలా అంటే పిల్లల ముందు లోకువ అవుతానని తోటి ఉపాధ్యాయులు అన్నారు. కాలేదు సరికదా, ఆ తరువాత ఆలస్యమైతే వాళ్లే ముందుగా కారణం చెప్పేవారు. ఇందాక చెప్పిన ట్రోనిక్ తరువాతి పరిశీలనల్లో, బిడ్డతో చక్కగా మెలిగే తల్లులు కూడా సగం కంటే ఎక్కువ సమయం బిడ్డతో పొత్తు తప్పుతూనే ఉంటారని, తప్పినదాన్ని మళ్లీ కలుపుకోవడంలోనే బిడ్డకు నమ్మకం ఏర్పడుతుందని తేలింది. కనుక కోపంలో అనరాని మాట అన్నా, చెయ్యి చేసుకున్నా, అదే రోజు పడుకునే లోపు పిల్ల దగ్గర కూర్చుని ఏం తప్పు చేశారో పేరు పెట్టి చెప్పండి. “నువ్వు అలా చేశావు కాబట్టే” అన్న తోక దానికి తగిలించకండి.

బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. అయినా “రెండు తగిలించండి మాస్టారూ, మేమేమీ అనుకోం” అని తల్లిదండ్రులే వచ్చి చెప్పడం నాకు పదవీ విరమణ దాకా అలవాటే. కొట్టడం వల్ల పిల్ల నేర్చుకునేది కొట్టడమే. ఆల్బర్ట్ బాండురా 1961లో చేసిన ప్రయోగంలో, గాలి బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టడం చూసిన పిల్లలు ఆ తరువాత అదే బొమ్మను అచ్చం అలాగే, అవే మాటలు అంటూ కొట్టారు.

మార్కుల విషయంలో మెచ్చుకోలు కూడా జాగ్రత్తగా వాడవలసిన వస్తువు. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, బొమ్మల పజిళ్లు చేసిన పిల్లల్లో కొందరిని నువ్వు తెలివైనవాడివని, కొందరిని బాగా కష్టపడ్డావని మెచ్చుకున్నారు. తెలివి మెచ్చుకోలు పొందినవారు తరువాత తేలికైనవే కోరుకున్నారు, కష్టమైనవి ఎదురయ్యాక వెనుకబడ్డారు, తమ మార్కుల గురించి అబద్ధం చెప్పినవారూ వారిలోనే ఎక్కువ. “మావాడిది ఏకసంథాగ్రాహి బుర్ర” అని చుట్టాల ముందు చెప్పే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి. “ఆ భిన్నాల లెక్క మూడుసార్లు తప్పినా వదల్లేదు కదా, నాలుగోసారి ఏం మార్చావు?” అని అడిగితే వాడు చెబుతాడు, చెబుతూ తాను ఏం చేశాడో వాడికే తెలుస్తుంది.

పదో తరగతి అయ్యాక హాస్టల్‌కు పంపడం మన వైపు దాదాపు ఆచారమైపోయింది. పంపేముందు ఆ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని, ముందుచూపుకు ఆధారమైన మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుందని తెలుసుకుని, అక్కడ దీపాలు ఎన్ని గంటలకు ఆర్పుతారో, ఎన్ని గంటలకు లేపుతారో నోరు తెరిచి అడగండి. వారానికోసారి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకుండా, “ఈ వారం ఎవరితో కలిసి తిన్నావు?” అన్నది కావాలి. తినడం లేదనో, ఎవరితోనూ కలవడం లేదనో వినబడితే ఆ ఆదివారమే బయలుదేరండి. మాట్లాడటానికి మనుషులు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు; ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఆ రెండు నంబర్లూ పిల్లవాడి పెట్టె మూత లోపల రాసి అంటించండి.

అమ్మ కువైట్‌లో ఉన్నప్పుడు

డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా, తల్లి కువైట్‌లోనో దోహాలోనో మస్కట్‌లోనో ఇంటి పనిలో ఉండగా అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు కనబడతారు. ఇటువంటి ఇళ్లకు పెంపకం పుస్తకాల్లో చోటు ఉండదు. వెళ్లిన తల్లిని తప్పుపట్టే నోళ్లు మాత్రం చాలా ఉంటాయి. అప్పు తీరాలి, ఇల్లు కట్టాలి, పిల్ల చదవాలి అని వెళ్లిన మనిషికి నీతులు చెప్పి ప్రయోజనం లేదు కనుక, చేయగలిగిన పనులు చెబుతాను.

వెళ్లే రోజు బిడ్డ నిద్రపోయాక వెళ్లిపోవడం మన అలవాటు. చూస్తే ఏడుస్తుందని అలా చేస్తాం. పొద్దున్న లేచిన బిడ్డకు అర్థమయ్యేది మాత్రం, నిద్రపోతే అమ్మ పోతుందని. ఆ తరువాత నెలల తరబడి నిద్రకు పేచీ పెట్టే పిల్లలను చూశాను. వారం ముందు నుంచీ చెప్పండి, పెట్టె సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, ఏడ్చినా సరే మెలకువగా ఉన్నప్పుడే ముద్దు పెట్టుకుని బయలుదేరండి. మీ వాసన ఉన్న ఉతకని చీర ఒకటి వదిలి వెళ్లండి. “రేపు వస్తుంది” అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. రెండేళ్ల ఒప్పందమైతే నాలుగేళ్ల పిల్లకు రెండేళ్లంటే తెలియదు, కాని ఏడాదికి రెండుసార్లు వచ్చే సార్వా, దాళ్వా వరి కోతలు తెలుసు. ఇంకా ఎన్ని కోతలకు అమ్మ వస్తుందో వరండా గోడ మీద గీతలు గీసి, కోత అయినప్పుడల్లా ఒకటి పిల్ల చేతనే కొట్టించండి.

ఫోన్ సంగతి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక, మస్కట్ గంటన్నర వెనుక. కువైట్‌లో పని ముగిసి తల్లికి తీరిక దొరికే రాత్రి పదింటికి ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. నిద్రలో లేపి చెవి దగ్గర ఫోన్ పెడితే పిల్ల విసుక్కుంటుంది, తల్లి అక్కడ ఏడుస్తుంది. పిల్ల బడి నుంచి వచ్చే నాలుగు గంటలకు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ వేళ పది నిమిషాలు దొరుకుతాయేమో పనిలో చేరేటప్పుడే మాట్లాడుకోండి. దొరకకపోతే రాత్రి తీరికలో రెండు నిమిషాల మాట రికార్డు చేసి పంపండి. దాన్ని మర్నాడు జడ వేసేటప్పుడు అమ్మమ్మ వినిపించాలి, పిల్ల చెప్పే బదులును కూడా అలాగే రికార్డు చేసి పంపాలి. రోజూ ఒకే వేళ కావడం ముఖ్యం. “బాగా చదువుతున్నావా, అమ్మమ్మను సతాయించడం లేదు కదా” అన్న రెండు ప్రశ్నలతో ఏ పిల్లా మాట కలపదు. నిన్న పిల్ల చెప్పినదాన్ని పట్టుకుని అడగండి: “ఆ కుంటి దూడ లేచి నిలబడిందా?” తల్లి ఏడు సముద్రాల అవతల ఉన్నా తన దూడను గుర్తు పెట్టుకుంది అన్నది, పంపిన బొమ్మల పార్శిల్ కంటే పిల్లకు గట్టి ఆధారం.

ఇక్కడ పెంచుతున్న పెద్దావిడకు కూడా ఒక మాట. “అల్లరి చేస్తే అమ్మ రాదు” అని అనకండి. మిగతా బెదిరింపులు మరచిపోయినా పిల్లలు దాన్ని మరచిపోరు. మీ నడుము నొప్పులతో ఒక్కరే అంతా మోయకండి, మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీకి పంపండి, తండ్రి ఊళ్లోనే ఉంటే కనీసం నిద్రపుచ్చే పని అతనికి అప్పగించండి.

తల్లి తిరిగి వచ్చిన రోజు అన్నిటికంటే కష్టమైన రోజు. 1970 ప్రాంతంలో బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లలను తల్లి నుంచి కొద్ది నిమిషాలు వేరుచేసి చూసినప్పుడు, తల్లి వెళ్లేటప్పటి ఏడుపు కంటే తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ఎక్కువ సంగతులు చెప్పింది. కొందరు చేతులు చాచి వచ్చారు, కొందరు దగ్గరికి వచ్చి కూడా కోపంగా విదిలించుకున్నారు, కొందరు అసలు చూడనట్టే ఆడుకున్నారు. ముఖం తిప్పుకోవడం ప్రేమ లేకపోవడం కాదు. రెండేళ్ల తరువాత రాజమండ్రి స్టేషన్‌లో దిగిన తల్లిని చూసి పిల్ల అమ్మమ్మ వెనక్కి నక్కితే, “అమ్మే, వెళ్లు, వెళ్లవే” అని చుట్టాలు నెట్టకూడదు. తల్లి లాక్కుని ముద్దులు పెట్టుకోకూడదు. నేల మీద కూర్చుని, పెట్టె తెరవకుండా, ఫోన్‌లో విన్నవాటిలో ఒకటి అడగండి, దూడ ఎక్కడుంది, చూపిస్తావా అని. చూపించడానికి పిల్ల ముందు నడుస్తుంది, మీరు వెనక నడవండి. మొదటి రెండు వారాలు పడక అమ్మమ్మ దగ్గరే ఉండనివ్వండి, మీ చాప పక్కనే వేసుకోండి. అమ్మమ్మ చేత్తోనే అన్నం తినేది మీ చేత్తో ఒక ముద్ద తిన్న రోజున ఆ సంగతి ఎవరికీ చాటి చెప్పకుండా రెండో ముద్ద కలపండి.